రాకెట్ కంటే అందులోని రేడియోనే ఉద్యోగానికి దారి

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ ఈసీఈ రెండో సంవత్సరం చదువుతోంది. మాది పల్నాడు జిల్లాలోని చిన్న పట్టణం, ఎరువుల దుకాణం నడుపుతున్నాను. అమ్మాయి స్నేహితులతో కలిసి చిన్న రాకెట్ చేసి, అది ఎగురుతుండగా ఎత్తు, వేగం వంటి వివరాలను రేడియో ద్వారా కిందికి పంపే పరికరం తయారు చేస్తానంటోంది. కొనాల్సిన వస్తువుల జాబితా ఇచ్చింది: 915 మెగాహెర్ట్జ్ లోరా మాడ్యూళ్లు (తక్కువ కరెంటుతో చిన్న సందేశాలను దూరానికి పంపే రేడియో బోర్డులు) రెండు, జీపీఎస్, గాలి పీడనం కొలిచే సెన్సర్, యాంటెన్నాలు, బ్యాటరీలు. రాకెట్ మందు సొంతంగా చేసుకుంటామని మా దుకాణంలోని పొటాషియం నైట్రేట్ కూడా అడిగింది. బంధువులేమో సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్చమంటున్నారు. ఈ రంగంలో భవిష్యత్తు ఉందా? డబ్బు ఇవ్వమంటారా?

జవాబు: డబ్బు ఇవ్వండి. పొటాషియం నైట్రేట్ మాత్రం ఒక్క చెంచాడు కూడా ఇవ్వకండి.

ముందు ఆ రెండో మాట గురించే చెబుతాను. రాకెట్ ఇంధనం ఇంట్లోనో హాస్టల్ గదిలోనో కలపడం చేతులు, కళ్లు పోగొట్టుకునే పని. పైగా పేలుడు పదార్థాల తయారీకి 1884 నాటి చట్టం, 2008 నాటి నిబంధనల కింద లైసెన్సు ఉండాలి. మీరు ఎరువుల వ్యాపారి కాబట్టి ఆ చిక్కు మీ మెడకూ చుట్టుకుంటుంది. ఎగరేయాలన్న కోరిక తీరడానికి వేరే దారి ఉంది. అంతరిక్ష రంగంలో ప్రైవేటు సంస్థలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఇన్-స్పేస్, ఆస్ట్రోనాటికల్ సొసైటీ ఆఫ్ ఇండియా కలిసి విద్యార్థులకు మోడల్ రాకెట్, క్యాన్‌శాట్ పోటీలు జరుపుతున్నాయి. డబ్బాలో పట్టేంత ఉపగ్రహ నమూనానే క్యాన్‌శాట్ అంటారు. ప్రయోగం అనుభవజ్ఞుల పర్యవేక్షణలో జరుగుతుంది, విద్యార్థులు పరికరం మీద మనసు పెట్టవచ్చు. అంతవరకూ నీటి ఒత్తిడితో ఎగిరే రాకెట్ చాలు. డ్రోన్ నుంచి పారాచూట్‌తో వదిలి చూసినా మంచిదే, కాకపోతే 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతంలో), 400 అడుగుల లోపే ఎగరాలి.

జాబితాలో మార్చాల్సింది ఇంకొకటి ఉంది: 915 అన్న అంకె. ఆ ఫ్రీక్వెన్సీ అమెరికాలో లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు కనుక అక్కడి వీడియోలన్నిటిలో అదే కనిపిస్తుంది. మన దేశంలో అది లైసెన్సు మినహాయింపు లేని చోటు, దాన్ని ఆనుకునే మొబైల్ ఫోన్ల స్పెక్ట్రమ్ ఉంది. మనకు అనుమతి ఉన్నది 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ వరకు, అదీ నిర్ణీత శక్తి పరిమితికి లోబడి. 868 అని అమ్మే మాడ్యూల్ తెచ్చుకుని సాఫ్ట్‌వేర్‌లో 866కు అమర్చుకోమనండి. యాంటెన్నా కూడా దానికి తగ్గట్టే ఉండాలి: తరంగం పొడవులో పావు వంతు లెక్కన 915కు సుమారు 8.2 సెంటీమీటర్ల తీగ సరిపోతే, 866కు 8.7 కావాలి. ఆ అర సెంటీమీటరు ఎందుకో తనంతట తాను లెక్క కట్టి చెప్పగలిగిందంటే, అమ్మాయి ఈ పనికి తగినదేనని మీరు ధైర్యంగా అనుకోవచ్చు.

ఇక అసలు సంగతి. పీఎస్‌ఎల్‌వీ ప్రయోగాన్ని టీవీలో చూసేటప్పుడు తెర మీద ఎత్తు, వేగం అంకెలు మారుతూ, గీత ఒకటి పైకి పాకుతూ కనిపిస్తుంది కదా. శాస్త్రవేత్తల కళ్లన్నీ ఆ గీత మీదే ఉంటాయి. రాకెట్ లోపలి ఒత్తిడి, ఉష్ణోగ్రత, అదురు, బ్యాటరీ వోల్టేజీ, అన్నీ రేడియో ద్వారా నేలకు చేరతాయి. దాన్నే టెలిమెట్రీ అంటారు. ప్రయోగం విఫలమైతే కారణం వెతకడానికి చాలాసార్లు చేతిలో మిగిలేది ఆ అంకెలే. మీ అమ్మాయి కొన్ని వందల రూపాయల మాడ్యూళ్లతో చేయబోయేది ఇదే పని, చిన్న స్థాయిలో.

ఇందులో నేర్చుకోవాల్సింది ఎంత ఉందో ఒక లెక్కతో చూపిస్తాను. 866 మెగాహెర్ట్జ్ వద్ద అడ్డేమీ లేని 2 కిలోమీటర్ల దూరంలో సిగ్నల్ దాదాపు 97 డెసిబెల్స్ తగ్గుతుంది (ప్రతి 10 డెసిబెల్స్‌కు బలం పదో వంతు అవుతుంది). చిన్న లోరా మాడ్యూల్ 100 మిల్లీవాట్లు, అంటే ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే డీబీఎం లెక్కలో 20, పంపితే, అవతలకు చేరేది మైనస్ 77 డీబీఎం. రిసీవర్ వేగమైన అమరికలో కూడా మైనస్ 123 వరకు వినగలదు. అంటే 46 డెసిబెల్స్ మిగులు. కాగితం మీద ఇంత మిగులు ఉన్నప్పుడు, అర కిలోమీటరు కూడా ఎగరని రాకెట్ నుంచి వచ్చే ప్యాకెట్లు, అంటే విడతలుగా పంపే సమాచారపు ముక్కలు, మధ్యలోనే ఎందుకు తప్పిపోతాయి?

ఎందుకంటే రాకెట్ నిటారుగా నెత్తి మీదికి వెళ్తున్నప్పుడు దాని నిలువు యాంటెన్నా కొన మన వైపే తిరిగి ఉంటుంది, ఆ దిశలో అది దాదాపు ఏమీ ప్రసరించదు. ముక్కు భాగం కార్బన్ ఫైబర్‌తో చేస్తే రేడియో తరంగాలు బయటికి రావు, ఫైబర్‌గ్లాస్ వాడాలి. పారాచూట్ విప్పే క్షణంలో బ్యాటరీ వోల్టేజీ పడిపోయి ప్రాసెసర్ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఒక్కసారిగా పైకి దూసుకెళ్లేటప్పుడు జీపీఎస్ పట్టు తప్పుతుంది, అందుకే ఎత్తు కోసం పీడన సెన్సర్‌నే నమ్మాలి. దిగాక యాంటెన్నా వరి చేలో బురదకు అంటుకుని పడి ఉంటుంది, అప్పుడు రెండు వందల మీటర్ల దూరం కూడా కష్టమే.

దూరం పెంచుదామని స్ప్రెడింగ్ ఫ్యాక్టర్‌ను, అంటే లోరా సందేశాన్ని ఎంత నిదానంగా పంపాలో చెప్పే అమరికను, 12కు పెట్టేవారు చాలామంది. 20 బైట్ల ప్యాకెట్ 7 వద్ద 57 మిల్లీసెకన్లలో వెళ్లిపోతుంది. 12 వద్ద అదే ప్యాకెట్‌కు 1.3 సెకన్లు పడుతుంది. అమెరికాలోని క్యాన్‌శాట్ పోటీలో సెకనుకు ఒక ప్యాకెట్ పంపాలని నిబంధన. ఆ అమరికతో అది సాధ్యమే కాదు. ఎంత దూరం కావాలి, ఎంత వేగం కావాలి అన్న ఈ బేరమే టెలిమెట్రీ ఇంజినీర్ రోజూ చేసే పని. తరగతి గదిలో ఫార్ములాగా చదివిన విద్యార్థికీ, తన ప్యాకెట్ పోయినందుకు కారణం వెతికిన విద్యార్థికీ ఇంటర్వ్యూలో తేడా ఇట్టే తెలుస్తుంది. నేను ఈ హాబీ వైపు గట్టిగా మాట్లాడుతున్నది అందుకే.

కాబట్టి ఎగరేయడానికి ముందే అమ్మాయి చేత ఒక పని చేయించండి. ఊరి చెరువు కట్ట మీద ఒక చివర రిసీవర్, మరో చివర ట్రాన్స్‌మీటర్ పెట్టాలి. యాంటెన్నా నిలువుగా, అడ్డంగా, నేల మీద, మనిషి అడ్డుగా, రాకెట్ ముక్కులోపల, ఇలా ఒక్కో స్థితిలో వంద ప్యాకెట్లు పంపి ఎన్ని చేరాయో, సిగ్నల్ ఎంత ఉందో పట్టికలో రాయాలి. లెక్క ప్రకారం రావాల్సిన విలువ పక్కనే ఉండాలి. ఆ పట్టిక, సర్క్యూట్ బొమ్మ, కోడ్ అందరూ చూడగలిగే గిట్‌హబ్ వెబ్‌సైట్‌లో పెడితే, రాకెట్ ఎగిరిన వీడియో కంటే దానికే ఎక్కువ విలువ. అమెరికాలో బ్డేల్ గార్బీ, కీత్ ప్యాకార్డ్ అనే ఇద్దరు ఆల్టస్ మెట్రమ్ పేరుతో హాబీ రాకెట్లకు టెలిమెట్రీ బోర్డులు చేసి సర్క్యూట్లు, కోడ్ అందరికీ తెరిచి ఉంచారు. ఆ బోర్డు కొనాలంటే వందల డాలర్లు అవుతుంది, చదవడానికి మాత్రం ఖర్చు లేదు. అక్కడే సొంతంగా విమానాలు కట్టుకునేవారు టీవీ చూడటానికి వచ్చిన చౌక యూఎస్‌బీ రిసీవర్లను రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కు తగిలించి, చుట్టుపక్కల విమానాల సంకేతాలు అందుకునే స్ట్రాటక్స్ అనే పరికరాన్ని తయారు చేసుకున్నారు. అదీ చూడదగినదే.

ఉద్యోగాల విషయం ఉన్నదున్నట్టు చెప్పాలి. రేడియో, ఎంబెడెడ్ (పరికరాల లోపలి చిన్న కంప్యూటర్ల పని) ఉద్యోగాలు సాఫ్ట్‌వేర్ అంత విరివిగా ఉండవు. మీ ఊళ్లో దొరకవు, హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్లాల్సిందే. కానీ మన తెలుగువారికి ఈ రంగం దూరంలో లేదు. శ్రీహరికోట మన రాష్ట్రంలోనే ఉంది. హైదరాబాద్‌లో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు చెందిన ఆర్‌సీఐ, డీఆర్‌డీఎల్, డీఎల్‌ఆర్‌ఎల్ ప్రయోగశాలలు ఉన్నాయి. అదే నగరంలోని స్కైరూట్ అనే ప్రైవేటు కంపెనీ 2022 నవంబరు 18న విక్రమ్-ఎస్ రాకెట్‌ను 89.5 కిలోమీటర్ల ఎత్తుకు పంపింది. ఎనిమిది రోజులకే ధ్రువ స్పేస్ అనే మరో కంపెనీ చేసిన రెండు థైబోల్ట్ ఉపగ్రహాలు పీఎస్‌ఎల్‌వీలో వెళ్లాయి, అవి హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని హాబీగా రేడియోలో సంభాషించుకోవడం) కోసం చేసినవే. ఇస్రోలో ఇంజినీర్ పోస్టుకు బీటెక్‌లో 65 శాతం లేదా 6.84 సీజీపీఏ అడుగుతూ వచ్చారు. కొన్ని నోటిఫికేషన్లలో రాత పరీక్ష, కొన్నింటిలో గేట్ స్కోరు. డీఆర్‌డీఓకూ గేట్ ముఖ్యం. కనుక హాబీ మోజులో మార్కులు జారిపోకుండా మీరు చూడండి. ఇందులో మెతకగా ఉండకండి.

బంధువుల మాటలోనూ నిజం ఉంది, కోడింగ్ రాకపోతే ఈ రంగంలోనూ నిలబడలేరు. అయితే దానికి వేరే కోర్సు అక్కర్లేదు. ట్రాన్స్‌మీటర్‌కు సీ భాష, వచ్చిన ప్యాకెట్లలో తప్పులు పట్టుకుని గ్రాఫ్ గీయడానికి పైథాన్, ఈ ప్రాజెక్టులోనే రెండూ వస్తాయి. క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ ఆఫర్ వస్తే అదీ చేతిలో ఉంటుంది.

మిగిలింది హామ్ రేడియో లైసెన్సు. 12 ఏళ్లు నిండినవారెవరైనా పరీక్ష రాయవచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ అవసరం లేదు, రేడియో సిద్ధాంతం, నిబంధనలు చదివితే చాలు. పాసైతే వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్, అంటే రేడియోలో వాడే గుర్తింపు పేరు, వస్తుంది. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983 నుంచి ఈ పని మీదే ఉంది, దరఖాస్తు, శిక్షణ వివరాలు అక్కడ అడగమనండి. సిలబస్‌లో చాలా భాగం ఈసీఈ పాఠాలే కాబట్టి ఈ సెమిస్టర్ సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు.