'రెండేళ్ల నుంచి' అంటే సిన్స్ టూ ఇయర్సా, ఫర్ టూ ఇయర్సా?

'ఫర్ టూ ఇయర్స్' అనాలి. ఎంత కాలమైందో చెప్పడానికి ఫర్, ఎప్పుడు మొదలైందో చెప్పడానికి సిన్స్.

తికమకంతా మన 'నుంచి' వల్లే. '2022 నుంచి' అంటాం, 'రెండేళ్ల నుంచి' అనీ అంటాం. ఇంగ్లీషు ఈ రెంటినీ వేరు చేస్తుంది. 'మూడు గంటల నుంచి ఎదురుచూస్తున్నాను' అన్న వాక్యం చూడండి. మూడింటికి వచ్చి కూర్చున్నారా, మూడు గంటలసేపు కూర్చున్నారా? తెలుగులో రెండర్థాలూ వస్తాయి. మొదటిదైతే 'ఐ హ్యావ్ బీన్ వెయిటింగ్ సిన్స్ త్రీ ఓ క్లాక్', రెండోదైతే 'ఐ హ్యావ్ బీన్ వెయిటింగ్ ఫర్ త్రీ అవర్స్'.

సందేహం వస్తే 'నుంచి' తీసేసి 'గా' పెట్టి చూడండి. 'రెండేళ్లుగా', 'చాలా రోజులుగా' చక్కగా కుదురుతాయి, కాబట్టి ఫర్. 'సోమవారంగా', 'చిన్నప్పటిగా' అనలేం, కాబట్టి సిన్స్.

క్రియ దగ్గర ఇంకో తప్పు దొర్లుతుంది. 'ఉంటున్నాను' అని మనసులో అనుకుని 'ఐ యామ్ లివింగ్ హియర్' అనేస్తాం. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి 'హ్యావ్ బీన్ లివింగ్' కావాలి.

'సిన్స్ అంటే నుంచి' అని బట్టీపట్టడమే చాలామంది చేసే పొరపాటు. 'ఫ్రమ్ టూ ఇయర్స్' కూడా అలా వచ్చిందే, అదీ తప్పే. అలాగని ఫర్ కనిపించిన ప్రతిచోటా 'హ్యావ్ బీన్' పెట్టకూడదు: గుంటూరులో రెండేళ్లుండి వచ్చేసినవారు 'ఐ లివ్డ్ ఇన్ గుంటూరు ఫర్ టూ ఇయర్స్' అనాలి.