బ్రస్సెల్స్ కల, బిల్లెట్ లెక్క

ప్రశ్న: మా అమ్మాయి విశాఖపట్నంలో కెమికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. 2027లో పూర్తవుతుంది. యూరప్ వాతావరణ విధానం చదివి అంతర్జాతీయ చర్చల్లో పనిచేస్తానంటోంది. ఇంజనీరింగ్ వదిలేసి అటు పంపొచ్చా?

జవాబు: పంపండి. ఇంజనీరింగ్ మాత్రం వదలనివ్వకండి, ఆమె బలమే అది.

యూరోపియన్ కమిషన్‌లో శాశ్వత ఉద్యోగాల పోటీ పరీక్షలు మామూలుగా యూరోపియన్ యూనియన్ (ఈయూ) పౌరులకే. ఇది తెలియక పాలసీ డిగ్రీ ఒక్కటే పట్టుకుంటే చేతిలో పని ఉండదు. మన దేశం తరఫున చర్చలకు కూర్చోవాలంటే సివిల్స్ రాసి విదేశాంగ సేవకు వెళ్లడమే సూటి దారి.

అసలు గిరాకీ సీబామ్ దగ్గర ఉంది. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువుల వంటి దిగుమతులపై ఈయూ వేసే ఈ కర్బన సుంకం 2026 జనవరి 1 నుంచి పూర్తిస్థాయిలో అమల్లోకి వచ్చింది. ఇలాంటి ఏకపక్ష చర్యలను చర్చకు పెట్టాలని 2024 బాకు ఐరాస వాతావరణ సదస్సులో భారత్, చైనా, బ్రెజిల్, దక్షిణాఫ్రికా పట్టుబట్టాయి. ఎగుమతి చేసే దేశంలో ఇప్పటికే కట్టిన కర్బన ధరను ఈ సుంకంలోంచి తగ్గించుకోవచ్చని నిబంధన ఉంది. అందుకే మన కార్బన్ క్రెడిట్ పథకానికి (పరిశ్రమల ఉద్గారాలకు ధర కట్టే ఏర్పాటు) అక్కడ ఎంత విలువ కడతారన్నది మనకు పెద్ద విషయం. ఆ బేరానికి ఉద్గారాల టన్నుల లెక్క తెలిసినవాళ్లు కావాలి.

ఈ రంగాల్లో యూరప్ కంపెనీలకు ఉచితంగా ఇచ్చే ఉద్గార అనుమతుల కోటాలో కోత 2026లో 2.5 శాతమే. 2030కి 48.5, 2034కి 100. సీబామ్ సుంకం ఆ కోత మేరకే పడుతుంది కాబట్టి, కోత పెరిగే కొద్దీ మన ఎగుమతిదారు మీద భారమూ పెరుగుతుంది. మీ అమ్మాయి రెండేళ్ల మాస్టర్స్ ముగించేది 2029లో, అంటే సరిగ్గా భారం ఎగబాకే వేళకి.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా ఒక రోలింగ్ మిల్లు (ఉక్కు దిమ్మెలను కడ్డీలుగా సాగదీసే ఫ్యాక్టరీ) ఉద్గారాల లెక్క తీయమనండి. వాడిన ఇంధనం టన్నులు, దాని కెలోరిఫిక్ విలువ (టన్నుకు వచ్చే వేడి), ఉద్గార గుణకం (ఆ వేడికి వెలువడే కర్బనం), మూడూ హెచ్చవేయాలి. తప్పులు జరిగేది రెండుచోట్ల. ఉక్కుకు ప్రస్తుతం ప్రత్యక్ష ఉద్గారాలే (తయారీలో నేరుగా వెలువడేవి) లెక్క, కొన్న కరెంటు కలపకూడదు. సిమెంటు, ఎరువులకైతే కలపాలి. రెండోది, బయట కొన్న బిల్లెట్ (ఉక్కు దిమ్మె) తయారీలో వెలువడ్డ ఉద్గారాలు మర్చిపోవడం. మిల్లు పొయ్యిలో కాలేది కొంచెమే, అసలు బరువంతా ఆ బిల్లెట్‌లోనే ఉంటుంది. సరఫరాదారు అంకెలు ఇవ్వకపోతే ఈయూ నిర్ణయించిన ప్రామాణిక విలువలే వాడాలి, అవి చాలాసార్లు అసలు కంటే ఎక్కువ పడతాయి.

మాస్టర్స్‌కు ఈయూ నడిపే ఎరాస్మస్ ముండస్ ఉమ్మడి కోర్సులు ప్రయత్నించండి. స్కాలర్‌షిప్ వస్తే ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోలు ఇస్తారు. దరఖాస్తులు ఎక్కువగా అక్టోబరు, జనవరి మధ్య ఉంటాయి. ప్రొఫెసర్ల సిఫారసు లేఖలు, ఇంగ్లిష్ పరీక్ష స్కోరు ఈ సెప్టెంబరుకే సిద్ధం చేసుకోమనండి.