పాఠకుల ప్రశ్నలు: బోస్టన్‌ను ముంచిన మొలాసిస్

ప్రశ్న: అమెరికాలో ఒకసారి మొలాసిస్ వరదొచ్చి జనం చచ్చిపోయారని మా అబ్బాయి అంటున్నాడు. మా చెరకంతా బెల్లానికే పోతుంది, ఇలాంటిది ఎన్నడూ వినలేదు. నమ్మమంటారా?
– ఒక రైతు, పెరవలి మండలం

జవాబు: నిజమేనండి. మొలాసిస్ అంటే చెరకు రసం నుంచి పంచదార తీశాక మిగిలే చిక్కటి నల్లని పాకం. 1919 జనవరి 15 మధ్యాహ్నం అమెరికాలోని బోస్టన్ నగరంలో, నార్త్ ఎండ్ అనే పేటలో 50 అడుగుల ఎత్తున్న స్టీలు ట్యాంకు బద్దలైంది. అందులో సుమారు 23 లక్షల గ్యాలన్ల మొలాసిస్ ఉంది, ఆల్కహాల్ తయారీ కోసం నిల్వ చేసింది. ఆ ఉధృతికి పైన నడిచే రైలు మార్గం ఇనుప స్తంభాలే వంగిపోయాయి. 21 మంది పోయారు, దాదాపు 150 మంది గాయపడ్డారు.

నేను మా మేనమామగారి గానుగ దగ్గర పెరిగాను. దించిన పాకం చలికి ఎంత తొందరగా బిగుస్తుందో చూశాను. అక్కడా అదే జరిగింది. జనవరి చలికి మొలాసిస్ చిక్కబడి, ఇరుక్కున్నవాళ్లు లేవలేకపోయారు. వీధులు కడగడానికి సముద్రపు నీళ్లు కొట్టాల్సివచ్చింది.

నాకు కడుపు మండేది ఎక్కడంటే, ఆ ట్యాంకు మొదట్నుంచీ కారుతూనే ఉంది. పిల్లలు డబ్బాలు తెచ్చి పట్టుకెళ్లేవారు. కంపెనీ బాగుచేయించకుండా, కారేది కనపడకుండా గోధుమరంగు వేయించింది! పైగా ఎవరో బాంబు పెట్టారని వాదించింది. కోర్టు నమ్మలేదు, ఏళ్ల తరబడి విచారణ జరిగాక బాధితులకు పరిహారం ఇప్పించింది.