నేటాల్ వెళ్ళిన ముత్తాతను వెతకబోయే మనవరాలికి

విజయనగరం

చిరంజీవి మనవరాలికి,

తాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మీ నాన్నగారి ముత్తాత ఆఫ్రికాలో రైలు పట్టాలు వేసే పనికి వెళ్ళి తిరిగి రాలేదని, ఆయన ఏమయ్యాడో తెలుసుకోవాలని ఉందని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని అడిగావు. ఇకమీదట ఆయన్ని మీ ముత్తాత అనే అంటాను. అడగవలసిన మనిషినే అడిగావు. మా తాతగారి అన్నను వెతుకుతూ నేను పదకొండేళ్ళు గడిపాను. అందులో మూడేళ్ళు వేరొకరి తాతను వెతికాను. ముందు ఆ మూడేళ్ళ సంగతి చెబుతాను, నీకు అంత కాలమూ మిగులుతుంది.

మా పెద్దతాతది సింహాచలం అప్పన్న పేరు. మన వైపు ఏ వీధిలో నిలబడి ఆ పేరు పిలిచినా ఇద్దరు పలుకుతారు. ఓడ జాబితాలో ఆ పేరూ, పక్కన విశాఖపట్నం జిల్లా అనీ కనబడగానే నాకు కళ్ళు చెమర్చాయి. కళ్ళు చెమర్చినవాడికి పక్క గడి కనబడదు కదా. పక్క గడిలో తండ్రి పేరు ఉంది, అది మా ముత్తాత పేరు కాదు. మూడేళ్ళ తరవాత చూసుకున్నాను. అప్పటికి ఆ పరాయి మనిషి పెళ్ళి, పిల్లలు, చావు అన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. ఇప్పటికీ ఆయన మీద ఒకలాంటి బంధుప్రీతి ఉందనుకో, అది వేరే సంగతి.

నువ్వు ముందుగా ఇంట్లో చెప్పుకునే కథను ఓసారి జల్లెడ పట్టు. 1870లో వెళ్ళాడని మీ నాన్నగారు అన్నారని రాశావు. అది కుదరదమ్మా. నేటాల్‌కు (ఇప్పటి దక్షిణాఫ్రికాలో అప్పటి బ్రిటిష్ వలస) గిర్మిట్ కూలీలతో, అంటే కూలి ఒప్పందం రాసి వెళ్ళినవాళ్ళతో, మొదటి ఓడ ట్రూరో మద్రాసులో బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1866లో ఆ రవాణా ఆగిపోయి మళ్ళీ 1874లోగాని మొదలు కాలేదు. నడుమ ఎనిమిదేళ్ళు ఓడలే లేవు. పైగా అక్కడి రైల్వేను నేటాల్ ప్రభుత్వం సొంతం చేసుకున్నది 1877లో. ఆ తరవాతే రైల్వేకు కూలీలు పెద్ద ఎత్తున కావలసివచ్చారు. మీ వంశవృక్షంలో తరాలు లెక్కవేసి చూస్తే ఆయన 1877కూ 1890కీ మధ్య వెళ్ళి ఉంటాడని నాకు తోస్తోంది. కొత్త కూలీలను పంపడం 1911లో ఆపేశారు గనక వెతకవలసిన కాలానికి రెండు గట్లూ ఉన్నాయి.

ఆఫ్రికా అనగానే మొంబాసా నుంచి వేసిన ఉగాండా రైలు వైపు కూడా పోకు. దానికి 1896 నుంచి వెళ్ళినవాళ్ళు ఎక్కువమంది పంజాబువాళ్ళు, కరాచీలో ఓడ ఎక్కినవాళ్ళు. తెలుగువాళ్ళు మద్రాసులో, ఓడ వచ్చేదాకా కూలీలను ఉంచే డిపో నుంచి, ఓడ ఎక్కి నేటాల్‌కే వెళ్ళారు. ఇంకో మాట. మన ఉత్తరాంధ్ర ఇళ్ళలో ఊరొదిలి పోయిన ప్రతివాడినీ 'రంగం వెళ్ళాడు' అనేవారు. రంగమంటే రంగూను. అంటే మీ బామ్మగారి నోట రంగం అన్న మాట వచ్చినా నేటాల్‌ను కొట్టిపారేయనక్కరలేదు. అలాగే నేటాల్ అన్న మాట ఎంత గట్టిగా వినిపించినా కాగితం దొరికేదాకా నమ్మనూ వద్దు.

ఇక అసలు పనికి వద్దాం. కూలివాడి బతుకు రాసిపెట్టాలని ఆ రోజుల్లో ఎవరికీ పట్టలేదు. అతని మీద పెట్టిన ఖర్చు మాత్రం పైసాతో సహా రాశారు. డబ్బు లెక్క ఉన్నచోట కాగితం ఉంటుంది, లేనిచోట వెతికినా దొరకదు. వెతికేటప్పుడు ప్రతిసారీ నిన్ను నువ్వు ఒకటే అడుగు: ఈ మనిషి వల్ల ఈ ఏడు ఎవరికి డబ్బు రావాలి, ఎవరికి డబ్బు పోవాలి?

మొదటి లెక్క ఓడ జాబితా. ఓడ దిగిన ప్రతి మనిషికీ ఒక కలోనియల్ నంబరు ఇచ్చారు. దాని పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు ఉంటాయి. ఎవరి దగ్గర పనికి పంపారో ఆ పేరూ ఉంటుంది. 1860 నుంచి 1911 దాకా వెళ్ళిన 1,52,184 మందికీ ఈ వరస ఉంది. అసలు పుస్తకాలు డర్బన్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటి నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించిన జాబితా అక్కడి విశ్వవిద్యాలయంలోని గాంధీ-లుతులీ డాక్యుమెంటేషన్ సెంటర్‌లో ఉంది. యజమాని గడిలో ఎన్.జి.ఆర్. అని మూడక్షరాలు కనబడితే అది నేటాల్ గవర్నమెంట్ రైల్వేస్. రైలు పని అన్న మీ ఇంటి కథ నిజమైతే నీకు కావలసినవి ఆ మూడక్షరాలే.

నంబరు దొరికిన రోజు నుంచి పేరును పక్కన పెట్టేసి నంబరు పట్టుకో. నాయుడు చివర రెండు ఓలు తగిలించి నైడూ అని రాస్తారు. రాములు రామ్‌లూ అవుతాడు. అదే మనిషి ఒక కాగితంలో ఒక రకంగా, ఇంకో కాగితంలో ఇంకో రకంగా ఉంటాడు. నంబరు మాత్రం పెళ్ళి నమోదులో, పిల్లల పుట్టుకలో, ఫిర్యాదులో, చావులో అలాగే ఉంటుంది. ఇంటిపేరు కోసం అసలు చూడకు. ఇంటిపేరు ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. తండ్రి పేరో, కులం చివర తోకో ఆ తరవాత అక్కడి వంశాలకు ఇంటిపేరై కూర్చుంది. నీకు అక్కడ చుట్టాలు ఉంటే వాళ్ళ ఇంటిపేరు మీ ముత్తాత తండ్రి పేరు కావచ్చు. ఇక్కడి ఇంటిపేరుతో వెతికితే నూరేళ్ళు వెతికినా వాళ్ళు దొరకరు.

ఊళ్ళ పేర్ల దగ్గర జాగ్రత్త. మీ ఊరు బొబ్బిలి దగ్గర గదా. ఇప్పుడు అది విజయనగరం జిల్లా. 1979కి ముందు ఈ జిల్లా లేదు, మీ ఊరు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 1950కి ముందు శ్రీకాకుళం జిల్లా కూడా లేదు. మీ ముత్తాత ఓడ ఎక్కేనాటికి మీది విశాఖపట్నం జిల్లా. శ్రీకాకుళం పట్టణమేమో గంజాం జిల్లాలో ఉండేది, దాన్ని చికాకోల్ అని రాసేవారు. కాకినాడ కొకనాడ, బందరు మసులిపటం. ఆ స్పెల్లింగులన్నీ ఒక కాగితం మీద రాసి ఎదురుగా అంటించుకో. నకలును మాత్రం నమ్మకు, వీలైన ప్రతిచోటా అసలు పేజీ ఫొటో అడుగు. మా పెద్దతాత భార్యది నెల్లూరని నకలులో చూసి నేను ఏడాదిపాటు నెల్లూరు చుట్టూ తిరిగాను. అసలు పేజీ చూస్తే అది ఎల్లూర్, మన ఏలూరు. పైవరసలోని అక్షరం తోక కిందికి జారి ఎన్ అయి కూర్చుంది.

ఆ భార్య సంగతి వచ్చింది గనక చెబుతాను. మా పెద్దతాతకు ఇక్కడ ఒక భార్య ఉంది, నేటాల్‌లో ఇంకొకామె ఉంది. మీ ఇంట్లోనూ ఇలాంటిది బయటపడవచ్చు. ఓడల్లో మగవారు ఎక్కువ, ఆడవారు తక్కువ. నూరుమంది మగవారికి నలభై మంది ఆడవారైనా ఉండాలని తరవాతి కాలంలో నియమం ఉండేది. డిపోలో రోజుల తరబడి కాచుకున్నప్పుడు, ఓడలో, బ్యారకులో కొత్త సంసారాలు మొదలయ్యాయి. ఇది మీ బామ్మగారికి చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. నేను మా చెల్లెలికి చెప్పి ఆరు నెలలు మాటలు లేకుండా ఉన్నాను.

కులం గడి ఇంకా పెద్ద తంటా. డిపోలో భయపడి ఒకటి చెప్పినవాళ్ళు ఉన్నారు, కావాలని ఇంకొకటి చెప్పినవాళ్ళు ఉన్నారు, గుమాస్తాకు తోచింది రాసినవీ ఉన్నాయి. దాన్ని బట్టి బంధుత్వం తేల్చకు, తెంచకు. వయసూ అంతే, అది చూపు అంచనా. నాకు నమ్మకంగా కనబడినవి ఎత్తు, మచ్చలు. ఎందుకంటే పారిపోతే పట్టుకోవడానికి అవి కావాలి. మా పెద్దతాతకు కుడి మోకాలి కింద కాలిన మచ్చ ఉందని రాశారు. ఆయన ఫొటో లేదు, బొమ్మ లేదు. ఉన్నదల్లా ఆ ఒక్క వాక్యం. మా నాన్నగారు చిన్నప్పుడు విన్న కథలో కుంపటి మీద పడిన పిల్లవాడు ఒకడున్నాడు. రెండూ కలిసిన రోజున నాకు అన్నం సహించలేదు.

రైల్వే పని చేసినవాడిని వెతకడంలో ఒక చిక్కు ఉంది. చెరకు తోటకు వెళ్ళినవాడు అయిదేళ్ళూ ఆ తోటలోనే దొరుకుతాడు. రైలు కూలీ ఒకచోట ఉండడు. ఎన్.జి.ఆర్. అన్నంత మాత్రాన పట్టాల పొడవునా ఎక్కడో తెలియదు. నేను ముప్పై నాలుగేళ్ళు రైల్వే గ్యాంగుల్లో పనిచేశాను కాబట్టి నాకు తట్టిన ఉపాయం చెబుతాను: పిల్లలు పుట్టిన ఊళ్ళను వరసగా రాయి. డర్బన్ నుంచి లైను 1880లో పీటర్‌మారిట్జ్‌బర్గ్ చేరింది, 1886లో లేడీస్మిత్, 1891లో చార్లెస్‌టౌన్. గ్యాంగుతో పాటు సంసారం కదులుతుంది. పిల్లల పుట్టుకలు కోస్తా నుంచి కొండల వైపు జరుగుతూ పోతే మీ ముత్తాత కొత్త లైను వేసే జట్టులో ఉన్నాడు. అయిదుగురు పిల్లలూ ఒకే ఊళ్ళో పుట్టి ఉంటే స్టేషన్‌లోనో షెడ్డులోనో, వేసిన లైను సరిచేసే గ్యాంగులోనో కుదురుకున్నాడు.

ఆ తరవాత జీతం లెక్క. గిర్మిట్ అయిదేళ్ళు. మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు, ఏటా ఒకటి పెరిగి అయిదో ఏట పద్నాలుగు. దెబ్బలు తిన్నవాళ్ళూ, జీతం ఎగ్గొట్టబడినవాళ్ళూ డర్బన్‌లో ప్రొటెక్టర్ అనే అధికారి దగ్గరికి వెళ్ళి చెప్పుకునేవారు. ఆ ఫిర్యాదుల ఫైళ్ళు అక్కడి ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. దక్షిణాఫ్రికా జాతీయ ఆర్కైవ్స్ సూచికను ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లో వెతుక్కోవచ్చు. మన మనిషి మాట్లాడిన మాట గుమాస్తా ఇంగ్లీషులోనైనా వినబడే చోటు అదొక్కటే. మొట్టమొదట అక్కడికే వెళ్ళాలనిపిస్తుంది, కానీ నంబరు లేకుండా వెళితే ఇసుకలో సూది వెతికినట్టే.

తరవాతిది మూడు పౌన్ల పన్ను. మీ ముత్తాతకూ ఆయన పిల్లలకూ వర్తించకపోవచ్చు, మా పెద్దతాత లాంటివాళ్ళకు వర్తిస్తుంది. 1895 చట్టం ప్రకారం, ఆ తరవాత వచ్చినవాళ్ళు గిర్మిట్ ముగిశాక అక్కడే ఉండదలిస్తే ఏటా మూడు పౌన్లు కట్టాలి. లేదా తిరిగి గిర్మిట్ రాయాలి, లేదా ఇండియా వెళ్ళిపోవాలి. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు, అంటే పద్నాలుగు షిల్లింగుల జీతంలో నాలుగు నెలల పైచిలుకు. 1903 నుంచి వాళ్ళ పిల్లల్లో పదహారు దాటిన మగపిల్లలకూ, పదమూడు దాటిన ఆడపిల్లలకూ అదే పన్ను వేశారు. 1914లో ఎత్తేసేదాకా ఆ పన్ను చుట్టూ బోలెడు కాగితం పుట్టింది. మా పెద్దతాత రెండోసారి గిర్మిట్ రాశాడని తెలిసింది ఆ కాగితాల వల్లే. ఊరి మీద బెంగ లేక ఉండిపోయాడని మా ఇంట్లో అనుకునేవారు. ఆ మాట ఇప్పుడు నేను అనను, ఎవరినీ అననివ్వను.

చనిపోయినవారి ఆస్తి ఫైళ్ళు పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో ఉన్నాయి. కొన్ని ఫ్యామిలీసెర్చ్ సైటులో ఉచితంగా దొరుకుతాయి. మరణ పత్రంలో తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన ఊరు, పిల్లల పేర్లు రాసే గడులు ఉంటాయి. వాటిని నింపినవాడు కొడుకో అల్లుడో. వాళ్ళకు ఇండియాలోని ఊరి పేరు విన్న గుర్తే గాని చూసిన గుర్తు ఉండదు. అందుకని దాన్ని ఓడ జాబితాతో సరిచూడు.

ఇక్కడి కాగితాలూ వదలకు. మీది జమీందారీ గ్రామం కనుక రైత్వారీ గ్రామాల్లాగా పాత సెటిల్‌మెంటు రిజిస్టర్ ఉంటుందని ఆశపడకు. 1948 ఎస్టేటు రద్దు చట్టం తరవాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (ఏ భూమి ఎవరిదో రాసిన రిజిస్టరు) చూడు. అది ఆలస్యపు కాగితమే అయినా మీ ముత్తాత తమ్ముళ్ళ వారసులు ఎవరెవరో అందులో తేలుతుంది. తండ్రి పేరు ఖాయం చేసుకోవడానికి అది చాలు.

డబ్బు తీసుకుని వంశం తవ్విపెడతామనేవాళ్ళు నీకు తగులుతారు. నా దగ్గర ఒకతను డబ్బు పుచ్చుకుని, నేను చెప్పిన కథనే అందంగా అచ్చువేసి పంపాడు. నంబరు లేని వంశవృక్షానికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకు. డర్బన్‌లోని తెలుగువారు 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు, వాళ్ళకు రాయి. మూడో తరం, నాలుగో తరం వాళ్ళు తెలుగు చదవలేకపోయినా ఇంట్లో ముసలివాళ్ళు దాచిన పెళ్ళి శుభలేఖలు, గుడి చందా రసీదులు తీసి చూపిస్తారు.

వచ్చే ఏడు నువ్వు డర్బన్ వెళతానని రాశావు. నాకు ఈ మోకాళ్ళతో కుదరదు. మా పెద్దతాత జాడ 1908లో రెండో కూతురు పుట్టుక దగ్గర ఆగిపోయింది. కొలెన్సో దగ్గర పుట్టింది ఆ పిల్ల. ఆ తరవాత ఆయన చావూ లేదు, తిరుగు ఓడా లేదు. తిరుగు ఓడల జాబితాల్లో 1909, 1910 నేను చూడలేదు. ఆయన నంబరు వేరే చీటీ మీద రాసి ఈ ఉత్తరానికి గుచ్చాను. నీ పని అయ్యాక, ఒక పూట మిగిలితే, ఆ రెండేళ్ళూ తిరగేసి చూడు తల్లీ. కుడి మోకాలి కింద కాలిన మచ్చ.

ఆశీస్సులతో,
తాతయ్య