అబ్బాయి జిమ్ము వదలనంటున్నాడు, ఏం చెయ్యాలి?

ప్రశ్న: నేను ఆర్టీసీ డ్రైవర్‌ని. విజయనగరంలో ఉంటాం. మా అబ్బాయి బీకాం పాసై ఏడాదిగా ఇక్కడే ఒక జిమ్ములో ట్రైనర్‌గా చేస్తున్నాడు. పొద్దున్న అయిదింటికి వెళ్ళి పదకొండుకి వస్తాడు. మధ్యాహ్నం పడుకుంటాడు. మళ్ళీ నాలుగున్నరకి వెళ్తే రాత్రి పదవుతుంది. పగలు పడుకోవడం చూసి చుట్టుపక్కలవాళ్ళు 'మీవాడికి ఇంకా ఏ పనీ దొరకలేదా?' అంటున్నారు. కానిస్టేబుల్ పరీక్షకి తయారవరా అంటే 'ఇందులో నాకు తృప్తిగా ఉంది నాన్నా' అంటాడు. వాడి జీతం చూస్తే నాకు మాత్రం తృప్తి కనిపించడం లేదు. ఇరవయ్యేళ్ళుగా స్టీరింగు పట్టి నా నడుం కూడా పాడైంది. వాడికి ఏం చెప్పమంటారు?

జవాబు: నైట్ సర్వీసు చేసి వచ్చి మీరు పగలు పడుకున్న రోజున మిమ్మల్ని ఎవరైనా పని లేనివాడన్నారా? మీవాడిదీ అలాంటి డ్యూటీయే. జనం జిమ్ముకి వచ్చేది ఆఫీసుకి ముందో, తర్వాతో. అందుకే ట్రైనర్ రోజు రెండు ముక్కలుగా ఉంటుంది. ఇరుగుపొరుగు మాట ఇక్కడితో వదిలేద్దాం.

తృప్తి అన్నమాటని మాత్రం కొట్టిపారెయ్యకండి. అలాగని వెంటనే నమ్మెయ్యకండి కూడా. ఈ పనిలోకి వచ్చే కుర్రాళ్ళు చాలామంది తమ కండలు చూసుకుని వస్తారు. తాను వ్యాయామం చెయ్యడం వేరు, ఇంకొకరి చేత చేయించడం వేరు. ఓ రాత్రి అన్నం తినేటప్పుడు మీవాణ్ణి ఒక్క మాట అడగండి: "ఈ నెలలో నీ దగ్గరికొచ్చేవాళ్ళలో ఎవరికేం మారిందిరా?" వాడు తనెంత బరువు లేపాడో చెబితే, వాడికి జిమ్ము ఇష్టం, అంతే. ఏ ఉద్యోగం చేసుకుంటూనైనా ఆ సరదా తీర్చుకోవచ్చు. అలాకాకుండా "ఒక టీచరమ్మగారికి భుజం పట్టేసి జడ వేసుకోలేకపోయేవారు, ఇప్పుడు చెయ్యి తలమీదికి వెళ్తోంది" అనో, "ఒక పెద్దాయన పెళ్ళిలో కింద కూర్చుని భోంచేసి ఎవరి సాయం లేకుండా లేచారట" అనో చెప్పాడనుకోండి, వాడు చెప్పే తృప్తి నిజమే.

నేనూ ఒకసారి జిమ్ములో చేరాను. మొదటి రోజే నాచేత వంద గుంజీలు తీయించారు. వారం రోజులు మెట్లు వెనక్కి తిరిగి దిగాను. ఆ ట్రైనర్ చెడ్డవాడేమీ కాదు. నా వయసెంత, మోకాళ్ళెలా ఉన్నాయి, బీపీ మాత్రలేమైనా వేసుకుంటున్నానా అని ఒక్క ముక్క అడగలేదు, అంతే. అడగాలని అతనికి ఎవరూ నేర్పలేదు.

కోడి రామ్మూర్తి నాయుడుగారు గుండెమీద ఏనుగుని నిలబెట్టుకున్న సంగతి మన జిల్లాల్లో ఎవరికి తెలియదు? అంతటి బలశాలి కూడా సర్కస్ పెట్టకముందు మద్రాసు సైదాపేట కాలేజీలో ఏడాది శిక్షణ పొంది, సర్టిఫికెట్ తెచ్చుకుని, మన విజయనగరంలోనే హైస్కూలు పిల్లలకి వ్యాయామం నేర్పారు. మీవాడికి ఇప్పుడు కావలసింది ఆ చదువే. ఫీజు కట్టగానే చేతిలో పెట్టే కాగితం కాదు. స్పోర్ట్స్, ఫిజికల్ ఎడ్యుకేషన్, ఫిట్‌నెస్ అండ్ లీజర్ స్కిల్స్ కౌన్సిల్ వాళ్ళు ఫిట్‌నెస్ ట్రైనర్ సర్టిఫికెట్ ఇస్తారు. అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ పరీక్షకి పేరు ఎక్కువ, ఖర్చూ ఎక్కువే. దానికి 18 ఏళ్ళు నిండి, సీపీఆర్ (గుండె ఆగినవాళ్ళకి ఛాతీ నొక్కి ప్రాణం నిలిపే పద్ధతి) నేర్చుకుని ఉండాలి. ఏ సర్టిఫికెట్‌కి వెళ్ళినా ముందు సీపీఆర్ నేర్చుకోమనండి. ట్రెడ్‌మిల్ మీద మనిషి కుప్పకూలితే అంబులెన్స్ వచ్చేదాకా దగ్గరుండేది వీడే.

ఇక ప్రోటీన్ పౌడర్ డబ్బాల సంగతి. కొన్ని జిమ్ముల్లో డబ్బా అమ్మితే ట్రైనర్‌కి కమీషన్ ఉంటుంది. నన్నడిగితే ఈ పనిలో మనసు విరిగేది తక్కువ జీతం దగ్గర కాదు, ఇక్కడ. మన ప్రాంతంలో ఇది ఇంకా సున్నితమైన విషయం. శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట, పలాస వైపు ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళు ఖాళీ చేసిందో మీకు తెలుసు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. కిడ్నీ దెబ్బతిన్నా చాలాకాలం పైకి ఏమీ తెలియదు. ఆ వైపు నుంచి వచ్చిన కుర్రాడు ప్రోటీన్ పౌడర్ అడిగితే, ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని డాక్టర్ని కలిసి రా తమ్ముడూ అని చెప్పగలగాలి. ఒళ్ళునొప్పులకి నొప్పి మాత్రలు మింగెయ్యొద్దని కూడా చెప్పాలి. గుడ్డు, చేప, ఉలవలు ఎవరికైనా దొరుకుతాయి. కానీ వాటిమీద కమీషన్ రాదు.

కండలు పెంచే స్టెరాయిడ్లయితే అసలు దగ్గరికే రానివ్వకూడదు. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషికి 2014 కామన్వెల్త్ క్రీడల వెయిట్‌లిఫ్టింగ్‌లో ముందు కాంస్యం వచ్చింది. బంగారం గెలిచిన నైజీరియా అమ్మాయి నిషేధించిన మందులు వాడి డోపింగ్‌లో దొరికిపోవడంతో అది వెండి అయ్యింది. మీవాడు తన కుర్రాళ్ళకి చెప్పుకోవడానికి ఈ ఒక్క సంగతి చాలు.

డబ్బు మాటకొస్తే మీ భయం న్యాయమైనదే. జిమ్ము జీతం పెద్దగా పెరగదు. జనవరి ఒకటిన చేరినవాళ్ళు శివరాత్రికి కనిపించరు. సొంత క్లయింట్లు ఉంటేనే ఆదాయం నిలుస్తుంది. మూడు నెలల ఇంటి ఖర్చు ఎప్పుడూ చేతిలో ఉంచుకోమనండి. మీరు చెప్పిన కానిస్టేబుల్ పరీక్షలోనే వాడికి ఇంకో దారి ఉంది. అందులో మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలి. తెల్లవారుజామున మన గ్రౌండ్లలో ఎంతమంది దానికోసం పరిగెడుతున్నారో చూడండి. పిక్కల నొప్పి పట్టి సగంలో మానేసేవాళ్ళూ ఉంటారు. వాళ్ళని పద్ధతిగా తయారు చేసేవాడికి పని కరువుండదు.

సర్కారు ఉద్యోగం మీదే మీ మనసుంటే, పీఈసెట్ ప్రవేశపరీక్ష రాయించి రెండేళ్ళ బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ) చదివిస్తే బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయుల పోస్టులకి డీఎస్సీ రాసుకోవచ్చు. ఇష్టమైన పనికి అది దగ్గరి దారే. కాలేజీలో ఆడిన ఆటల సర్టిఫికెట్లు ఉన్నాయేమో ఇప్పుడే వెతికి పెట్టుకోమనండి.

చివరగా మీ నడుం. ముందు డాక్టరుకి చూపించుకోండి. వ్యాయామం చెయ్యొచ్చు అంటే ఒక నెల మీ అబ్బాయి చేతిలో పెట్టండి. మొదటి రోజే మీచేత బరువులు ఎత్తిస్తే నాకు మళ్ళీ రాయండి. అలా కాక, సీట్లో ఎలా కూర్చుంటావు నాన్నా, క్లచ్ తొక్కితే ఏ వైపు లాగుతుంది, పొద్దున్న లేవగానే ఎక్కువా, ట్రిప్పు దిగాక ఎక్కువా అని అడిగాడనుకోండి, కానిస్టేబుల్ మాట కొన్నాళ్ళు పక్కన పెట్టి, సర్టిఫికెట్ ఫీజు ఎలా సర్దాలో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.