పిన్నికి రోబోతో చేశారు, అమ్మకు పొట్ట కోయాలంటున్నారు.. ఎందుకు?

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్లు. బహిష్టు ఆగిన నాలుగేళ్లకు మళ్లీ రక్తం కనపడింది. పరీక్షలు చేసి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అన్నారు. ఒకటిన్నర సెంటీమీటర్ల గడ్డ, స్టేజి 1బి1 అట. పొట్ట కోసి ఆపరేషన్ చేయాలంటున్నారు. పోయినేడు మా పిన్నికి గర్భసంచి క్యాన్సర్ వస్తే రోబోతో చేశారు, మూడో రోజే ఇంటికొచ్చేసింది. మా డాక్టర్‌కు కొత్త పద్ధతి రాక ఇలా చెబుతున్నారా? హైదరాబాద్ తీసుకెళ్లమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పిన్నిగారి బయాప్సీ రిపోర్టు ఒకసారి తీసి చూడండి. అందులో బహుశా ‘ఎండోమెట్రియం’ అని ఉంటుంది. అమ్మగారి రిపోర్టులో ‘సర్విక్స్’ అని ఉంటుంది. ఇళ్లలో రెండింటినీ గర్భసంచి క్యాన్సర్ అనే అంటారు, తికమకంతా అక్కడే. మొదటిది సంచి లోపలి పొరలో పుడుతుంది. తొలి దశలో గడ్డ గోడల మధ్యే ఉంటుంది కాబట్టి చిన్న రంధ్రాలతో చేసినా ఫలితం బాగుంటుంది, త్వరగా కోలుకుంటారు.

అమ్మగారిది సంచి మూతి దగ్గర, యోనిలోకి తెరుచుకునే చోట ఉంది. నిజం చెప్పాలంటే, 2018కి ముందు మా సర్జన్లలో చాలామందిమి దీన్ని కూడా కీహోల్‌లోనే, అంటే చిన్న రంధ్రాలతోనే చేసేవాళ్లం, మంచిదనే నమ్మి. ఆ ఏడాది 631 మందితో చేసిన అంతర్జాతీయ అధ్యయనం ఫలితాలు వచ్చాయి. నాలుగున్నరేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు పొట్ట కోసి చేసినవారిలో 96.5 శాతం, ల్యాప్రోస్కోపీ లేదా రోబోతో చేసినవారిలో 86 శాతం. మరణాలు కూడా కీహోల్ వైపే ఎక్కువ. సంచిని కదిపేందుకు కింది నుంచి పెట్టే కడ్డీ గడ్డను రాపిడి చేస్తోందా, యోనిని పొట్ట లోపలే తెరిచినప్పుడు క్యాన్సర్ కణాలు చెదురుతున్నాయా అన్నవి అనుమానాలు. అసలు కారణం పూర్తిగా తేలలేదు. కాబట్టి మీ డాక్టర్ చెప్పిందే ఇప్పటి పద్ధతి. రోబో తనంతట తాను ఏమీ కోయదు, దాన్ని ఆడించేదీ సర్జనే.

మీరు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ‘ర్యాడికల్ చేయాలా, సింపుల్ సరిపోతుందా?’ సింపుల్‌లో మూతితో సహా సంచిని మాత్రమే తీస్తారు. ర్యాడికల్‌లో దాంతో పాటు చుట్టూ ఉన్న కణజాలం, యోని పై భాగం కొంత తీస్తారు. మూత్రాశయపు నరాలు వెళ్లేది అక్కడి నుంచే. అందుకే కొందరికి యూరిన్ పైపు రోజుల తరబడి ఉంచాల్సి వస్తుంది, తీశాక కూడా మూత్రం పూర్తిగా రాక ఇబ్బంది పడతారు. 2024లో 700 మందితో చేసిన మరో అధ్యయనం వెలువడింది. రెండు సెంటీమీటర్ల లోపు, లోతుకు పోని గడ్డలకు సింపుల్ ఆపరేషన్ చేస్తే మూడేళ్లలో కటి భాగంలో తిరగబెట్టింది 2.5 శాతం మందికి, ర్యాడికల్ చేస్తే 2.2 శాతం మందికి. మూత్రం తిప్పలు సింపుల్‌లో తక్కువ. రెండింట్లోనూ లింఫ్ గ్రంథులను మాత్రం పరీక్షించారు. ఇందులో సింపుల్ ఆపరేషన్లు ఎక్కువగా కీహోల్‌లోనే జరిగాయి. అమ్మగారికి సింపుల్ చాలని తేలితే కీహోల్ మాట అప్పుడు ఎత్తండి. గడ్డ ఎంత లోతుకు వెళ్లిందో బయాప్సీ, ఎమ్మారై చూసి చెబుతారు.

హైదరాబాద్ వెళ్లాలనుకుంటే రోబో కోసం కాదు, గైనిక్ ఆంకాలజిస్ట్ (స్త్రీల క్యాన్సర్ నిపుణులు) దగ్గర రెండో అభిప్రాయం కోసం వెళ్లండి. రిపోర్టు కాగితాలు ఒక్కటే చాలవు. బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు (తీసిన ముక్కను మైనంలో భద్రపరిచినవి), ఎమ్మారై సీడీ కూడా కావాలి. స్లైడ్లు వెతికి ఇవ్వడానికి ల్యాబ్‌లో ఒక్కోసారి రెండు మూడు రోజులు పడుతుంది. ఇవాళే అడిగి పెట్టండి.