కంప్యూటర్ వేగం పెంచడానికి ఏ క్లీనర్ సాఫ్ట్‌వేర్ మంచిది?

ఏదీ వద్దు. విజయవాడ గవర్నర్‌పేటలో డీటీపీ (కంప్యూటర్‌లో అచ్చు పేజీలు కూర్చే) పని చేసుకుని బతికే మనిషిగా చెబుతున్నాను. ఒక్క బటన్ నొక్కితే అంతా చక్కబెడతామనే వాటిని మీ కంప్యూటర్ దగ్గరికి రానివ్వకండి.

మాఘమాసం, పెళ్లిళ్ల రద్దీ. సర్వీసుకు వచ్చిన కుర్రాడు అలాంటి బూస్టర్ ఒకటి వేసి వెళ్లాడు. మర్నాడు పొద్దున్నే గన్నవరం నుంచి పెళ్లికూతురి తండ్రి శుభలేఖ ప్రూఫు కోసం వచ్చి కూర్చున్నారు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్ తెరిచి 'శ్రీరస్తు' అని కొట్టాను. తెర మీద ఒత్తు ఒకచోట, తలకట్టు ఒకచోట, అన్నీ పొంతన లేని ముక్కలు! అను ఫాంట్ ఉంది కానీ మనం నొక్కే మీటలను తెలుగు అక్షరాలుగా కూర్చే స్క్రిప్ట్ మేనేజర్ లేవలేదు. "ఇవాళ అచ్చుకు వెళ్లకపోతే పంచేదెప్పుడు బాబూ?" అని ఆయన కంగారు. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ జాబితా, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాముల పట్టిక, తెరిస్తే సంగతి బయటపడింది. స్క్రిప్ట్ మేనేజర్‌ను అనవసరమని ఆపేసిన ఆ బూస్టర్, తన పేరు మాత్రం అందులో చేర్చుకుంది! మనకు అన్నం పెట్టే ప్రోగ్రామ్ ఏదో దానికేం తెలుసు?

ఇక రిజిస్ట్రీ, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు, శుభ్రం చేస్తామంటూ ఎర్ర అక్షరాలతో భయపెట్టి డబ్బు కట్టమనేవి మరీ అన్యాయం. అలాంటి క్లీనర్ల వాడకాన్ని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్టే చెప్పింది.

మీకు నిజంగా కావలసింది ఉచితంగానే ఉంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, ఆ స్టార్టప్ జాబితా అందులోనే ఉంటుంది. ఇంకా లోతుగా చూడాలంటే వాటంతటవే మొదలయ్యేవన్నీ చూపించే సిస్‌ఇంటర్నల్స్ వారి ఆటోరన్స్ వాడండి. ఆ సంస్థను మైక్రోసాఫ్ట్ 2006లో కొనేసింది, దాన్ని స్థాపించినవారిలో ఒకరైన మార్క్ రుసినోవిచ్‌ను కూడా తనలో చేర్చుకుంది. ఆటోరన్స్‌లో దేన్నీ డిలీట్ చేయకండి, టిక్ తీసేస్తే చాలు. కావాలంటే మళ్లీ పెట్టుకోవచ్చు. ముందు, తేడా వస్తే సెట్టింగులు పాత స్థితికి తెచ్చుకునేందుకు విండోస్‌లో రిస్టోర్ పాయింట్ పెట్టుకుని, ఒక్కొక్కటే ఆపి, కంప్యూటర్‌ను మళ్లీ ఆన్ చేసి, మీ రోజువారీ పని సాగుతుందో లేదో చూసుకున్నాకే రెండోదాని జోలికి వెళ్లండి.

ఇంత చేసినా నత్తనడకే అయితే, లోపల ఉన్నది పాత హార్డ్ డిస్క్ అయితే, దాని బదులు వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ డిస్కు వేయించండి. మా వీధి రిపేరు షాపుల్లో ప్రతి జబ్బుకీ ఫార్మాట్, అంటే డిస్కులో ఉన్నదంతా తుడిచేయడం, ఒక్కటే మందు. దానికి ఒప్పుకునే ముందు మీ ఫాంట్లు, పాత ఫైళ్లు వేరే డిస్కులోకి తీసి పెట్టుకోండి.